కుర్చీ ఎవరికి వేసినట్టు

దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. చిన్నదైతే ఒక్కరే ఎలాగో తిప్పలు పడవచ్చు గానీ, లాడ్జి దుప్పట్లు, అందులోనూ ఇద్దరు పడుకునే మంచాలవి, ఒంటిచేతికి లొంగవు. ఇస్త్రీ కొట్టు మామకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే భార్య పోయాక నెల తిరక్కుండానే ఎదురుగోడకు రెండు మేకులు కొట్టుకున్నాడు, సరిగ్గా ఆమె చేతులు ఉండే ఎత్తులో. రెండు కొసలు మేకులకు తగిలించి, మిగతా రెండూ తాను పట్టుకుని, బిగలాగి దులిపి, గోడ దాకా నడిచి మడత వేస్తాడు. పని ఆగలేదు. లాడ్జి మేనేజరుకు తేడా కూడా తెలియలేదు.

తేడా ఒక్క మామకే తెలుసు. మేకులు ఎదురు మాట్లాడవు.

ఆమె మాట్లాడేది. మామూలుగా కాదు, దుప్పటి అటు కొసలు పట్టుకుంటే చాలు, నోరు దానంతటదే తెరుచుకునేది. అద్దె సంగతీ, ఎదురింటివాళ్ళ సంగతీ అయిపోయాక చివరికి ఎప్పుడూ ఆ పాట దగ్గరికే వచ్చి ఆగేది.

పాట వాళ్ళ పెళ్ళయిన కొత్తలో వచ్చింది. సినిమా వారం ఆడలేదు. కథేమిటో ఎవరికీ గుర్తు లేదు. పాట మాత్రం బతికి బట్టకట్టింది. బస్సుల్లో, క్షవరం దుకాణాల్లో, ఇప్పుడు ఫోన్లలో, ఎక్కడ చూసినా అదే.

*వాన వెలిసింది, వీధి ఆరింది,*
*వాకిట్లో కుర్చీ ఇంకా తియ్యలేదు.*

మొదటిసారి రేడియోలో విన్నప్పుడు మామ దుప్పటి దులుపుతూ, "పాపం, ఆ పిల్ల కోసం వాడింకా రాలేదు" అన్నాడు.

అటువైపు ఆమె చేతులు ఆగిపోయాయి. "రాకపోవడమేంటి? వచ్చాడు, కూచున్నాడు, వెళ్ళిపోయాడు."

"వెళ్ళిపోతే కుర్చీ లోపల పెట్టుకుంటుంది కదే?"

"మీరు పెట్టుకుంటారు. మనిషి కూచుని వెళ్ళిన కుర్చీని ఆడది వెంటనే తియ్యదు."

"అంటే ఆ వానలో వాకిట్లో కూచున్నాడా? తడిసి ముద్దవడూ?"

"చూరు కింద వేసింది."

"చూరు అని పాటలో ఎక్కడుంది?"

"అన్నీ పాటలోనే ఉంటాయా? ఇక మీ బుర్రెందుకు?" అంటూ నడిచి వచ్చి, తన కొసలు ఆయన చేతిలో పెట్టి, వేలాడే అంచు అందుకుని మళ్ళీ వెనక్కి నడిచింది.

అలా మొదలైంది. ఆయనది ఇంకా రాలేదన్న పట్టు, ఆమెది వచ్చి వెళ్ళాడన్న పట్టు. పిల్లలు లేని ఇల్లు. ఇద్దరి మధ్యా ఏదో ఒకటి పెరగాలి కాబట్టి ఆ తగువు పెరిగింది. నిజంగా పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా దుప్పట్లు మడతపెట్టక తప్పేది కాదు. మొహాలు ముడుచుకుని నాలుగు దుప్పట్లు అయ్యాక, ఎవరో ఒకరు గోడకేసి చూస్తూ, "వాడింకా రాలేదు" అనో, "ఎప్పుడో వెళ్ళాడు" అనో అనేవారు. రెండోవాళ్ళు ఉండబట్టలేకపోయేవారు. సగం మడతలో రాజీ అయిపోయేది. క్షమించమని ఇద్దరిలో ఒక్కరూ, ఒక్కనాడూ అడిగింది లేదు.

ఆస్పత్రిలో చివరి రోజుల్లో వార్డు ఆయా ఫోను మోగింది. అదే పాట. రెండు రోజులుగా కళ్ళు తెరవని మనిషి తెరిచింది. "వెళ్ళిపోయాడండీ" అంది, పెదాలతోనే. ఆయాసపెట్టడం ఎందుకని మామ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆయన్ని తినేస్తోంది. జవాబు నోట్లోనే ఉండిపోయింది. అప్పటినుంచీ రోజూ గోడవైపు నడుస్తూ ఆ మేకులకు చెబుతుంటాడు. "రాలేదే. ఇంకా రాలేదు."

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మరదలు వచ్చింది. బస్‌స్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. రోజంతా ఊళ్ళ పేర్లు అరిచి అరిచి గొంతు ఎక్కడున్నా అదే స్థాయిలో ఉంటుంది.

"బావా, రేడియో పెట్టు! పాటల వెనక కథలని వస్తుంది చూడు, ఇవాళ మన కుర్చీ పాట. రాసినాయనే స్వయంగా చెప్తాడట. డ్యూటీ మార్చుకుని మరీ వచ్చా."

మామ తల ఎత్తకుండా, "రేడియో పాడైంది" అన్నాడు.

"ఇందాక సందు తిరుగుతుంటే వార్తలు వినిపించాయి. ఇంతలోనే చచ్చిందా?"

"లాడ్జివాడు వచ్చే వేళయింది. పనుంది."

"చేసుకో, నేనొద్దన్నానా? చేతులతో వింటావా ఏంటి? అక్క గెలుస్తుందని నీ భయం, నాకు తెలీదా!"

అది కాదు ఆయన భయం. ఆమె గెలిస్తే గెలవనీ. తాను గెలిచినా ఒకటే. ఎవరు గెలిచినా ఇక తగువుండదు. ఆమెది ఇంకా నడుస్తున్నది ఈ లోకంలో అదొక్కటే. చీరలు మరదలే పంచిపెట్టింది, మందులు పారేశారు, గొంతు రోజురోజుకీ చెదిరిపోతోంది. ఆ ఒక్క మాట మాత్రం దుప్పటి పట్టుకోగానే అటునుంచి ఠక్కున వస్తుంది. ఎవరో పెద్దమనిషి రేడియోలో కూర్చుని తీర్పు చెప్పేస్తే ఆ కాస్తా ఆగిపోతుంది.

ఇదంతా మరదలికి ఎలా చెప్పడం? ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ పరిచి గట్టిగా అదిమాడు, ఆవిరి చప్పుడులో మాట మునిగిపోతుందేమోనని. మరదలు రేడియో మీట పూర్తిగా తిప్పింది.

పాట రాసినాయన గొంతు ముసలిదైపోయింది. దగ్గు మధ్య మాట్లాడుతున్నాడు. అడిగే అమ్మాయి ముందు ఏవేవో అడిగి, చివరికి అసలు సంగతి ఎత్తుకుంది.

"ఇంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నారు కదండీ. ఆ కుర్చీ ఎవరి కోసం?"

మామ చెయ్యి ఆగింది.

"ఎవరి కోసమూ కాదమ్మా. అప్పుడు అద్దె గదిలో ఉండేవాణ్ణి. సంగీతం ఆయన ఇంకొక్క వాక్యం కావాలని మనిషిని పంపి కూర్చోబెట్టాడు. నాకేమీ తోచలేదు. కిటికీలోంచి చూస్తే వాకిట్లో ఇంటాయన కుర్చీ ఉంది. కాలు విరిగింది, బరువు. ఎవరూ తీసేవారు కాదు. ఉన్నదే రాశాను."

అమ్మాయి నవ్వడానికి ప్రయత్నించి, పాట వేసేసింది.

"ఓరి నీ కుర్చీ తగలెయ్యా!" అంది మరదలు రేడియోతో. "దీనికోసమా నేను డ్యూటీ మార్చుకున్నది? విరిగిన కుర్చీ అట! ఇన్నేళ్ళు మీరిద్దరూ కొట్టుకున్నది విరిగిన కుర్చీ గురించా బావా?"

కాలిన వాసన వచ్చి మామ ఇస్త్రీపెట్టె పైకెత్తాడు. తడిగుడ్డ మీద గోధుమరంగు మరక. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అనుకున్నదానికంటే ఇది ఘోరం. ఓడినా ఒక లెక్క. అసలు అక్కడ ఎవరూ లేరట. వచ్చినవాడూ లేడు, రానివాడూ లేడు.

మరదలు ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. ఆ తగ్గిన గొంతు అచ్చం అక్కలాగే ఉంది. "అక్క వింటే ఏమనేదో."

ఆలోచించనక్కర్లేకుండానే ఆయన నోట్లోంచి వచ్చింది. "'ఆయన చెప్పింది కుర్చీ ఎవరిదో. అందులో ఎవరు కూచున్నారో ఆయనకేం తెలుసు? రాశాడంతే' అనేది."

మరదలు పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అనేది బావా. అక్షరం పొల్లుపోకుండా అనేది."

తర్వాత, ఊరికే ఉండలేక కాబోలు, దుప్పటి ఒకటి అందుకుని అటు నిలబడింది. ఇద్దరూ దులిపారు. దగ్గరికి వచ్చి కొసలు ఆయన చేతిలో పెట్టింది. అలవాటుకొద్దీ మామ, "వాడింకా రాలేదు" అన్నాడు.

మరదలు అంచు పట్టుకుని బిక్కమొహం వేసింది. "నన్నేం చెప్పమంటావు బావా?"

"ఏమీ లేదులే. అంచు కలుపు."

ఆమె కలిపింది, వంకరగా. టీ తాగి, బస్సుల వేళయిందంటూ వెళ్ళిపోయింది. సందు మలుపు దాకా ఆమె మాట వినిపించి, ఆగింది.

మామ ఆ వంకర దుప్పటిని విప్పి కొసలు మేకులకు తగిలించాడు. మిగతా రెండూ పట్టుకుని వెనక్కి వచ్చాడు. ఎవరిది నిజమో ఆయనకు ఆస్పత్రి నుంచి ఇంటికి నడిచి వచ్చిన రోజే తెలుసు. పోయిన మనిషీ అంతే, వచ్చింది, కూచుంది, వెళ్ళిపోయింది. కానీ ఆ మాట ఒక్కసారి ఒప్పుకుంటే, రేపు దుప్పటి పట్టుకుని ఇక ఏం మాట్లాడాలి?

అంచు బిగలాగి దులిపి, గోడవైపు నడిచాడు.

"రాలేదే" అన్నాడు. "రాసినాయన మాట అలా ఉంచు. ఇంకా రాలేదు."