కాయిపో మెడలో దండ

కోహాలా కొండవాలున ఉలులాని అనే ఆవిడ పెంచిన మొక్క లేని ఇల్లు అరుదు. ఆకు చూసి, నలిపి, ఇది మన దీవిదో ఓడెక్కి వచ్చిందో చెప్పేసేది. ఎవరైనా తప్పు పేరు చెబితే ముఖం మీదే కడిగేసేది. ఆమెను ఆటపట్టించే ధైర్యం ఒక్క మొగుడు నాహోవాకే ఉండేది.

మంచాన పడ్డ ఏడాది నాహోవా కోఆ అనే అడవిచెట్టు గింజలు తెప్పించుకున్నాడు. వాళ్ల తాత పడవ చెక్కిన అడవిలోవి. గోళ్ల కత్తెరతో ఒక్కో గింజ పెంకూ చిట్లగొట్టి, వేడినీళ్లలో నానబెట్టి, ఓపిక చేసుకుని లేచి పెరట్లో తనే నాటాడు. మొలకలు మోకాలెత్తు కాకముందే పోయాడు.

అంత్యక్రియల పొద్దున ఆమె నిద్రలేచేసరికి పెరట్లో ఆ మొలకలున్న చోటు నున్నగా ఉంది. మరిది కాయిపో చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు.

"జనం వస్తారని పెరడంతా శుభ్రం చేశా వదినా. ఎన్ని సుబాబుల్ కలుపు మొక్కలో! అన్నీ పీకి తగలెట్టేశా."

లేత కోఆ ఆకు అచ్చం సుబాబుల్‌లా సన్నగా చీలి ఉంటుంది. కొడవలిలాంటి ఆకులు వచ్చేది ఎదిగాకే.

"అవి మీ అన్న నాటిన కోఆలు," అంది.

"అయ్యో! పోన్లే, మొక్కలే కదా. నీ దగ్గర బోలెడున్నాయి."

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాడు కాయిపో.

మరుసటి వేసవిలో అతని కూతురు కవెహి పెళ్లి. పెళ్లికి మాయిలే తీగ దండలు ఉండాల్సిందే. ఆ పరిమళాల తీగ ఉన్నది ఉలులాని పెరట్లోనే.

"నాకు అందరికన్నా పొడుగుది కావాలి వదినా. పెళ్లికూతురి తండ్రిని!"

"నీ తీగ నువ్వే కోసుకో. మొక్కలు తెలిసినవాడివి కదా."

అతను నేరుగా కంచె దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఏపుగా అల్లుకున్నది కంపు మాయిలే. చూపుకి మాయిలేలానే ఉంటుంది. నలిగితే మాత్రం కుళ్లిన గుడ్డు. ఆకు నలిపి చూడకుండానే మోపెడు కోసుకొచ్చి గర్వంగా ఆమె ముందు పడేశాడు. ఆమె దాన్ని జాగ్రత్తగా ఎత్తి విడిగా నీడన పెట్టింది.

వధూవరులకు అసలైన తీగతో దండలు కట్టింది. కాయిపో దండని అన్నిటికన్నా ఆఖర్న, అతను తెచ్చిన మోపుతోనే, ఒక్క ఆకూ నలగకుండా కట్టింది. పెళ్లిలో తనే అతని మెడలో వేసి బుగ్గ మీద ముద్దు పెట్టింది.

ఆ తర్వాత కౌగిలింతలు మొదలయ్యాయి. ఒక్కో కౌగిలికీ ఆకులు నలిగాయి.

"ఏం అంకుల్, నిన్నటి పంది మాంసం చొక్కాలో దాచావా?" అన్నాడు పెళ్లికొడుకు తమ్ముడు. నవ్వులు. ఆనక చుట్టాలు దూరం నుంచే చేతులూపసాగారు.

కాయిపో ఉక్రోషంగా వచ్చాడు. "ఏం దండ ఇది వదినా?"

"నువ్వు కోసిందే. అచ్చం మాయిలేలానే ఉంది కదూ?"

అతని చెయ్యి దండ మీదికి పోయింది.

"తియ్యి, నా ముందే తీసెయ్యి," అంది ఆమె. "పెళ్లిలో వదిన వేసిన దండ విసిరికొట్టాడని అందరూ చూడనీ."

వేసినవాళ్ల ఎదుట దండ తీయడం కన్నా అవమానం అక్కడ లేదు. ఉలులాని కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. ఆఖరి పాట అయ్యేదాకా లేవలేదు.

ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా, పెరట్లో ఆ బోసి నేల పక్కన చతికిలబడింది. ఎవరు ముక్కు మూసుకున్నారో, ఎవరు పారిపోయారో నాహోవాకి పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతూ పగలబడి నవ్వింది. పక్కన రెండో నవ్వు వినిపించకపోయేసరికి ఆగిపోయింది.