విజ్ఞాన సర్వస్వంలో మా బావ పేరు

నేను చదివింది ఐదో తరగతి, అది కూడా పూర్తిగా కాదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే ఏమీ అనుకోవద్దు. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళు రాసింది చూసి అక్షరాలు పేర్చాను గానీ, సొంతంగా ఒక పేజీ రాయడం ఇదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా సరిగా తెలియడం లేదు.

నేను శాలిబండ దగ్గర ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్‌ని. రాతప్రతి ఎదురుగా పెట్టుకుని, సీసం అక్షరాలు ఒక్కొక్కటే గళ్ళలోంచి ఏరి వరుసగా పేర్చాలి. అచ్చు అయ్యాక వాటిని విడదీసి మళ్ళీ వాటి గళ్ళలో వేయాలి. ఇది డెబ్బైల్లో సంగతి. అప్పుడు లాల్‌దర్వాజాలో అక్కా బావా ఉండే అద్దె ఇంట్లోనే నేనూ ఉండేవాణ్ణి.

బావ సర్కారు మందుల గోదాములో గుమాస్తా. గడువు దాటిన సూదిమందుల పెట్టెల మీద పాత చీటీలు పీకి, కొత్త తారీఖుల చీటీలు అంటించి దవాఖానాలకు పంపుతున్నారని కనిపెట్టాడు. పై అధికారికి చెప్పాడు. ఏమీ కాలేదు. చివరికి పీకిన చీటీలు కొన్ని కవర్లో పెట్టి ఒక పత్రికకు పంపాడు. వార్త పడింది. వారం తిరగకముందే బావను సస్పెండ్ చేశారు.

గోదాములో పెట్టెలు మోసే హమాలీలు మా గల్లీవాళ్ళే. విచారణ పేరుతో తాళం వేసేసరికి వాళ్ళ పని పోయింది. దాంతో బావకు ‘చుగల్‌ఖోర్’ అని పేరు పడింది, చాడీలు చెప్పేవాడని. నల్లా దగ్గర అక్క బిందె పెడితే పక్కకు జరిపేవాళ్ళు.

ఆఫీసు నుంచి ఎప్పుడూ ఒకటే మాట. పత్రికకు చెప్పింది అబద్ధమని సంతకం పెడితే నౌకరీ తిరిగి ఇస్తామని. ఆ కాగితం ట్రంకుపెట్టెలో ఉండేది. మూడేళ్ళు బావ సంతకం పెట్టలేదు.

“పెట్టుండ్రి ఇగ. నిజమేందో మనకు తెల్సు గద, సాలదా?” అనేది అక్క.

“మనకు తెలిస్తే ఏం ఫాయిదా? ఎక్కడన్న ఒక్క కాడ రాసుండాలె,” అనేవాడు బావ.

ఆ రోజుల్లోనే మా ప్రెస్సుకు విజ్ఞాన సర్వస్వం పని వచ్చింది. మన ప్రాంతంలో పేరున్నవాళ్ళ జీవితాలు వేసే సంపుటం. ఒక మధ్యాహ్నం కట్టలో కాగితం తిప్పితే బావ పేరు కనిపించింది. గోదాము, చీటీలు, సస్పెన్షన్, అన్నీ ఉన్నాయి, పన్నెండు వరుసల్లో. ఆ పుస్తకం వేయించే సంఘంలో ఒక చిన్న వయసు లెక్చరర్ విచారణ కాగితాలు చూసి రాశాడట. మాకు ఆయనెవరో కూడా తెలియదు.

సాయంత్రం అన్నం తినేటప్పుడు చెప్పాను. బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“నా పేరేనా? సరిగ్గ సూసినవా, బామ్మర్ది?”

“నేనే కంపోజ్ జేస్తున్న బావా.”

“ఏమని రాసిండ్రు?”

“నిజం జెప్పిండని రాసిండ్రు.”

“మస్తు పెద్దోణ్ణి జేసిండ్రు గద,” అని నవ్వాడు. బావ నవ్వి ఎన్నాళ్ళయిందో. మర్నాడు అక్క నల్లా దగ్గరికి అందరికన్నా ముందే పోయి నిలబడింది.

తప్పు నేను చేశాను. బావను మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అక్కయితే రేషన్ దుకాణంలో పేరు అడిగినా నన్నే చెప్పమనేది. పేర్చేటప్పుడు ఆ పేరు ఉత్తగా కనిపిస్తే నాకు మనసొప్పలేదు. పక్కన ‘గారు’ పెట్టాను. రాతప్రతిలో అది లేదు. ఆ సంపుటంలో రాజులకు గారు లేదు, కవులకు లేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

సంఘం పెద్ద సారు, ఆ లెక్చరర్ ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సుకే వచ్చేవాళ్ళు.

“ఈ ఒక్కాయనకే గారు ఏందయ్యా?” అన్నాడు పెద్ద సారు.

మా ప్రెస్సు సేటుకు దాచాలని తెలియదు. “ఇస్కా బెహనోయీ హై సాబ్, అక్క మొగుడు. అందుకే ఇజ్జత్ ఇచ్చిండు,” అని నవ్వాడు.

పెద్ద సారు కళ్ళజోడు తీశాడు. “గట్లనా. ఇంటోళ్ళే రాసి ఇంటోళ్ళే పేర్చిండ్రన్నమాట.”

“నాకు వీళ్ళెవరో తెల్వదు సార్. కాగితాలు జూసి రాసిన,” అన్నాడు లెక్చరర్.

“సరే, తెల్వదనుకుందాం. ఈయన చేసింది ఒక్క పని. దాన్ని దవాఖానాల వ్యాసంల ఒక వరుస రాస్తే సాలు. మనిషికి జీవిత చరిత్ర ఎందుకు? రేపు పత్రికకు ఉత్తరం రాసిన ప్రతి గుమాస్తా ఇందుల వచ్చి కూసుంటడు.”

“రాసినోళ్ళు ఎంతమంది ఉన్నరు సార్?”

“కేసు తేలనే లేదు. రేపు ఆయనే అబద్ధమంటే మన పుస్తకం పరువేం గావాలె?”

లెక్చరర్ నా దిక్కు చూశాడు. మూడేళ్ళుగా సంతకం పెట్టని సంగతి నేను చెప్పాల్సింది. చెప్పినా ఇంటోడి మాటే అయ్యేది. పెద్ద సారు ఎర్ర సిరాతో పన్నెండు వరుసలకూ అడ్డంగా గీత కొట్టాడు. దవాఖానాల వ్యాసం ముందటి సంపుటంలోనే అచ్చయిపోయిందని, ఇక ఆ ఒక్క వరుస కూడా పడదని లెక్చరర్ పోతూ పోతూ నాకు చెప్పాడు.

ఆ వరుసలు నేనే విడదీశాను. సాయంత్రానికి అవే అక్షరాలతో తర్వాతి పేరు, ఒక జాగీర్దారు జీవితం, పేర్చాను.

ఇంటికి పోయి అంతా చెప్పాను. బావ తిట్టలేదు.

“గారు పెట్టినవా?”

“పెట్టిన బావా.”

“నువ్వన్న పెట్టినవ్ తియ్,” అని లేచి ట్రంకుపెట్టె తెరిచాడు. కాగితం తీసి, నా జేబులో పెన్ను అడిగాడు. అక్క వద్దనలేదు, పెట్టమనీ అనలేదు.

నౌకరీ వచ్చింది. అదే గోదాము, అదే కుర్చీ. గల్లీవాళ్ళు చుగల్‌ఖోర్‌కు తోడు ‘ఝూటా’, అబద్ధాలకోరు అని కూడా అనసాగారు. చీటీలు మళ్ళీ మారుస్తున్నారా అని నేను ఒకసారి అడిగితే, “నాకేం ఎర్క,” అన్నాడు.

కొన్నాళ్ళకు లెక్చరర్ వచ్చి, రెండో ముద్రణకు మళ్ళీ అడుగుతానన్నాడు. సంతకం సంగతి చెప్పాను. “ఇగ రాయనీకి రాదు,” అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఇప్పుడు రాస్తే, అబద్ధం చెప్పానని బావే ఒప్పుకున్నాడని కూడా రాయాలి.

బావ రిటైర్ కాకముందే పోయాడు. ఇక్కడైనా పేరు రాద్దామనుకున్నాను. సంతకం ఉన్న కాగితం ఆఫీసులో ఉండగా ఎవరు నమ్ముతారని రాయలేదు. ఇందులో తప్పులు చాలా ఉంటాయి. దిద్దేవాళ్ళు ఎవరూ లేరు. చదివినవాళ్ళు మన్నించండి.