మధ్యవేలి నీలం

ఆ రోజు ఉదయం బాత్రూమ్ గడియ తీయలేకపోయాను. రోజూ తీసే గడియే. బిగుసుకుపోయిందేమోనని రెండు చేతులతో పట్టుకుని లాగాను. బిగుసుకుపోయింది గడియ కాదు, నా వేళ్ళు. ఒక్కటీ మడత పడలేదు. బయట నుంచి మా నాన్న పిలుస్తున్నారు. "అమ్మలూ, నీళ్ళు ఆగిపోతాయి, బేగి రా." గడియ తీయడం రావట్లేదని చెప్పడానికి సిగ్గేసింది. ముప్పై ఆరేళ్ళ మనిషిని. చివరికి మోచేత్తో గడియని పక్కకి నెట్టి బయటపడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా. తాతగారి కాలంలోనే రైల్వే ఉద్యోగానికి రాయ్‌పూర్ వచ్చేశాం. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. మా ఆయన రమణ ధర్సీవా దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పొద్దున్నే మోటార్‌సైకిల్ మీద వెళ్ళి చీకటి పడేవేళకి వస్తారు. నేను భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్టీలు రాస్తాను. లారీ ఎక్కే ప్రతి సరుకుకీ ఇచ్చే రసీదే బిల్టీ. అప్పట్లో కార్బన్ పేపర్లు పెట్టి మూడు కాపీలు ఒకేసారి రాసేవాళ్ళం. గడియ సంగతి జరిగిన పదిహేను రోజులకి మూడో కాపీ మీద నా అక్షరాలు పడడం మానేశాయి. "దీదీ, జోర్ సే లిఖియే", గట్టిగా నొక్కి రాయమని మా ఓనరు సేఠ్ విసుక్కున్నారు. నొక్కి రాస్తే మణికట్టు దాకా పోటు. ఆ సాయంత్రం రమణకి చెప్పేశాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ నా వేళ్ళని ఒక్కొక్కటిగా నొక్కి చూశారు. పొద్దున లేచాక బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుందని అడిగారు. పది దాటే దాకా అన్నాను. ఈఎస్ఆర్, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, రెండు చేతులకీ ఎక్స్‌రే. రిపోర్టులన్నీ వచ్చాక రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు. మన ఒంట్లోని ఇమ్యూనిటీ మన కీళ్ళ మీదికే తిరగబడుతుందట.

"పూరీ జిందగీ?" అని రమణ అడిగారు, జీవితాంతమా అని.

"షుగర్ లాగా అనుకోండి. పోదు, కానీ కంట్రోల్ అవుతుంది" అన్నారామె హిందీలో. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్, అది పనిచేసేదాకా కొన్ని వారాలు స్టెరాయిడ్ రాశారు. "మెథోట్రెక్సేట్ పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో ఆపకండి" అని రెండుసార్లు చెప్పారు. నాకు మాత్రం జిందగీ అన్న మాట ఒక్కటే వినిపించింది.

ఇంటికొచ్చేసరికి నాన్న నా జాతకం ముందేసుకుని కూర్చున్నారు. ఆయన జ్యోతిషం చెప్పి ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. గూడ్స్ బండి చివర గార్డు పెట్టెలో గడిపిన గంటలన్నీ పంచాంగాలతోనే గడిపారు. బంధువుల్లో ఎవరికి ఏ రాయి పడుతుందో ఆయన్నే అడిగేవారు. నా కోసం రెండు రోజులు లెక్కలు వేశారు.

"నీది తులా లగ్నం తల్లీ. శని నీకు యోగం ఇచ్చేవాడే గాని బలం లేక పడిపోయినాడు. ఎముకలు, కీళ్ళు ఆయన చేతిలోనివే కదా. నీలం పెట్టాల."

బంగారం రవిది, శనికి పడదు అన్నారు. వెండి చాలదన్నారు. పంచలోహం ఖాయం చేశారు. రాయిని నీలం గుడ్డలో కట్టి మూడు రోజులు నా తలగడ కింద పెట్టించి, పొద్దున్నే ఏం కలలొచ్చాయని అడిగేవారు. చెడ్డ కల రాలేదు. సదర్ బజార్ కంసాలి చేత ఉంగరం చేయించేటప్పుడు, రాయి అడుగు వేలి చర్మానికి ఆనాలని దగ్గర నిలబడి మరీ కొలత బిగుతుగా ఇప్పించారు. ఒక శనివారం సాయంత్రం పాలలో ముంచి నా కుడిచేతి మధ్యవేలికి తొడిగారు. మందులు మొదలుపెట్టింది కూడా ఆ వారంలోనే.

పది రోజుల్లో నేను పిడికిలి బిగించగలిగాను. చపాతీ పిండి కలిపాను. నాన్న కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. "పట్టింది. నీలం పట్టీసింది." నేనూ నమ్మాను. నమ్మడం చాలా సుఖంగా ఉంది. మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడల్లా వికారం, దువ్వెన నిండా జుట్టు. ఉంగరంతో ఏ బాధా లేదు. స్టెరాయిడ్ కోర్సు అయిపోయాక మెథోట్రెక్సేట్ కూడా మానేశాను. రమణకి చెప్పలేదు. చెకప్‌కి వెళ్ళానని అబద్ధం చెప్పాను.

అయిదారు వారాలకి నొప్పి తిరిగొచ్చింది. ఈసారి మోకాళ్ళకీ, పాదాలకీ కూడా. నాన్నకి చెబితే, "ముందు పెరిగి తర్వాత తగ్గుద్దమ్మా. ఆయన పరీక్ష పెడతాడు" అన్నారు. ఎడమ చేతికి గుర్రపు నాడా ఇనుముతో చేసిన ఉంగరం కూడా తొడిగించారు. నీలం తీసేద్దామా అని ఒకసారి అడిగాను. ఆయన ముఖం పాలిపోయింది. "పట్టిన నీలాన్ని మధ్యలో తియ్యకూడదే. తీస్తే ఇంట్లో మగమనిషి మీదకొస్తాది."

ఆ మాట తర్వాత నాకు ఎటూ దారి లేకుండా పోయింది. రమణ వెళ్ళే రోడ్డు మీద రోజంతా బొగ్గు లారీలు, ఇనుము లారీలు తిరుగుతాయి. ఆ లారీల బిల్టీలు రాసేది నేనే. ఉంగరం మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ లారీల మధ్య ఆయన బండి కనిపించేది. చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. డాక్టర్ దగ్గరికి వెళితే మందు మానేసిన సంగతి బయటపడుతుంది. నాన్నకి నొప్పి ఎంతుందో చెబితే ఆయన కుప్పకూలిపోతారు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం, ఎవరితోనూ నిజం మాట్లాడే వీల్లేదు. పొద్దున లేవగానే మంచం అంచున కూర్చుని, పాదాలు నేల మీద ఆనించడానికి ధైర్యం తెచ్చుకునేదాన్ని. మధ్యవేలు రోజురోజుకీ లావెక్కింది. సబ్బు నీళ్ళు, కొబ్బరి నూనె, దారం అన్నీ రహస్యంగా ప్రయత్నించాను. తీసేయడానికి కాదు, కొంచెం వదులు చేసుకోవడానికి అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉంగరం కదల్లేదు.

వర్షాకాలంలో ఒక ఉదయం టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. రమణ ముక్కలు ఏరుతూ నా చెయ్యి చూశారు. వేలి చివర నేరేడుపండు రంగులోకి తిరిగి ఉంది.

"ఇదెప్పటినుంచి?"

నేను చెయ్యి కొంగులో దాచుకున్నాను. ఆయన డ్యూటీ మానేసి ఆటో పిలిచారు. నాన్న గొడుగు కూడా తీసుకోకుండా వెనకే ఎక్కారు.

క్యాజువాలిటీలో కుర్ర డాక్టర్ వేలి గోరు నొక్కి, "రింగ్ కటర్ లాయియే" అని నర్సుతో అన్నాడు. నేను చెయ్యి గుండెలకి అదుముకున్నాను. తీయొద్దు, తీస్తే ఆ లారీల రోడ్డు మీద మా ఆయనకేమైనా అవుతుందని తెలుగులో ఏడ్చాను. ఆ డాక్టర్‌కి ఏమీ అర్థం కాలేదు. "మేడమ్, ఉంగ్లీ చలీ జాయేగీ" అన్నాడు. వేలే పోతుంది అని. పోతే పోనీ అన్నాను. నిజంగానే అన్నాను.

నాన్న గోడకి ఆనుకుని, "శనివారం దాకా ఆగితే, నాను శాంతి చేయించీసి..." అని గొణిగారు.

రమణ ఆయన వైపు తిరిగారు. ఎప్పుడూ మామయ్యగారి ముందు గొంతు పెంచని మనిషి. అప్పుడూ పెంచలేదు. "మామయ్యగారూ, ఆ రోడ్డు మీద బండి నడిపేది నేను కదా. నా గురించి నన్నెవరైనా అడిగారా?" తర్వాత నా పక్కన కూర్చుని నా మోచెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టారు. "కాట్ దీజియే, డాక్టర్ సాబ్" అని కోసేయమన్నారు.

రెండు నిమిషాల పని. చిన్న చక్రం తిరిగిన చప్పుడు, లోహం వేడి, తర్వాత వేలిలోకి రక్తం పరుగెత్తిన మంట. అరిచాను. అది నొప్పో, భయమో ఇప్పటికీ చెప్పలేను.

మధ్యాహ్నం మా డాక్టరమ్మ వచ్చి కొత్త ఎక్స్‌రే లైటుకి పెట్టి చూపించారు. రెండు వేళ్ళ కీళ్ళ దగ్గర ఎముక అంచు తినేసినట్టుంది. "ఎరోజన్. ఇది వెనక్కి రాదు" అన్నారు. దవా కబ్ బంద్ కీ, మందు ఎప్పుడు మానేశారు అని అడిగారు. రమణ ముందు, నాన్న ముందు చెప్పాను. ఆమె తిట్టలేదు. "మొదట్లో మీకు దొరికిన ఆరామ్ స్టెరాయిడ్‌ది. అది తగ్గేసరికి మెథోట్రెక్సేట్ అందుకోవాలి. మీరు అందుకోనివ్వలేదు."

మర్నాడు రమణ యథాప్రకారం డ్యూటీకి వెళ్ళారు. ఉంగరం పోతే భయం పోతుందనుకున్నాను. పోలేదు. నెలన్నర పాటు రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఆయన బండి శబ్దం కోసం చెవులు రిక్కించాను. పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ చేసేదాన్ని. ఆయనకి ఏమీ కాలేదు. ఒకసారి టైరు పంక్చరైంది, అంతే. అప్పుడు కూడా నేను గేటు పట్టుకుని ఏడ్చాను.

నాన్న మూడు రోజులు సరిగ్గా తినలేదు. నాలుగో రోజు నా పక్కన కూర్చుని కట్టు విప్పిన వేలిని చాలాసేపు చూశారు. "గ్రహాలే చూసినాను గాని, నీ వేలు చూడలేదమ్మా" అన్నారు.

తర్వాతి చెకప్‌కి తనూ వస్తానన్నారు. డాక్టరమ్మని హిందీలో వినయంగా అడిగారు, వారానికొకసారి వేసే ఈ మాత్రకి ఏ రోజు శుభం అని. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె మాత్రం నవ్వకుండా జవాబిచ్చారు. "మీరే చెప్పండి అంకుల్. కానీ వారానికి ఒకే రోజు, ప్రతి వారం అదే రోజు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం." నాన్న వేళ్ళ మీద ఏవో లెక్కపెట్టి బుధవారం అన్నారు. ఆమె చీటీ మీద పెద్ద అక్షరాలతో బుధవార్ అని రాసి గీత గీశారు. అప్పటినుంచి ప్రతి బుధవారం భోజనమయ్యాక నాన్న మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నిలబడతారు. నేను మింగాక కాలెండర్ మీద టిక్కు పెడతారు. వికారం సంగతి చెబితే డాక్టరమ్మ దానికి వేరే మాత్ర ఇచ్చారు. ఆ మాట మొదటే అడిగి ఉండాల్సింది.

ఇది జరిగి అయిదేళ్ళు దాటింది. మధ్యవేలు పూర్తిగా మడవలేను. తడి బట్టలు పిండలేను, రమణ పిండుతారు. చలికాలం పొద్దుటిపూట ఇప్పటికీ మంచం మీద కాసేపు ఖైదీనే. డాక్టర్ చెప్పినప్పుడల్లా లివర్ టెస్టు చేయించుకుంటాను. ఆఫీసులో బిల్టీలు కంప్యూటర్ మీదకి మారాయి, ఏడు వేళ్ళతో కొడతాను. చాలా రోజులు నొప్పి లేకుండానే గడుస్తాయి.

రాళ్ళు పెట్టుకోవద్దని నేనెవరికీ చెప్పను. మా నాన్న ప్రేమతోనే పెట్టారు. ఒక్కటి మాత్రం చేయండి. ఒక నోట్‌బుక్ కొనుక్కుని, ఏ రోజు ఏది మొదలుపెట్టారో, ఏది మానేశారో తారీకు వేసి రాయండి. మాత్రయినా, ఉంగరమైనా, పసరైనా సరే. దాన్ని డాక్టర్‌కీ, ఇంట్లోవాళ్ళకీ చూపించండి. నేను రాసుకుని ఉంటే, ఆ పది రోజుల సుఖం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడే తెలిసేది.