తడి గోడ మీద టిక్కు

ఆ ఉదయం వైరింగు సూపర్‌వైజరు గ్రంథాలయంలో అడుగుపెట్టేసరికి చదువుగది తూర్పు గోడ నున్నగా, తడిగా మెరుస్తోంది. ముందురోజు సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేటప్పుడు ఆ గోడకు కొట్టిన గాడిలో కొత్త వైర్లు పైకే కనిపిస్తున్నాయి. వాటిని ఇంకా పరీక్షించలేదు. ఇప్పుడు వాటి మీద సున్నం గచ్చు పడింది.

గచ్చు వేసిన మేస్త్రి ఓ మూల కూర్చుని తాపీ కడుక్కుంటున్నాడు. పనివాళ్లు ఆయన్ని రేపు మేస్త్రి అంటారు. ఎప్పుడడిగినా రేపే వస్తానంటాడు, ఆ రేపు ఎల్లుండికి గానీ రాదు.

“గోడ సిద్ధమని మెసేజ్ వచ్చింది గదమ్మా,” అన్నాడు. “ఎప్పుడూ ఆలస్యమని నన్ను ఆడిపోసుకుంటారుగా. ఈసారి మీ నోళ్లు మూయిద్దామని తెల్లారకముందే వచ్చా.”

ఆయన చేసిన తప్పల్లా సమయానికి రావడమే.

ఆమెను ఈ పనిలోకి ఎవరూ తోయలేదు. కాలేజీ కన్నా పక్క సందులోని మోటార్ల షాపు నచ్చి అక్కడే వైండింగు నేర్చుకుంది. తర్వాత ఇళ్ల వైరింగుకు మారింది, తమ్ముణ్నీ తెచ్చి ఇందులోనే పెట్టింది. ఇప్పుడు ఆమె కింద తమ్ముడితో కలిపి నలుగురు. గ్రంథాలయం కింది అంతస్తు సోమవారానికి అప్పజెబితే పై రెండంతస్తులూ ఈ జట్టుకే ఇస్తామని పని అప్పగించిన ఆఫీసు మాటిచ్చింది. లేకపోతే జట్టు రద్దు.

ఆఫీసు అందరి ఫోన్లలో ఓ యాప్ పెట్టించింది. గడువు దాటిన పని అందులో ఎర్రబడుతుంది. అయిందని టిక్కు కొడితే ఆకుపచ్చ అవుతుంది, ఆ తర్వాతి పనివాడికి దానంతటదే మెసేజ్ వెళుతుంది. ఎరుపు కనిపిస్తే ఆఫీసులో మేనేజరుకు అన్నం సయించదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. వైర్లు బిగించాం, పరీక్ష మిగిలిందని ఆమె చెబుతూనే ఉంది. సాయంత్రానికి విసుగెత్తి టిక్కు కొట్టేసింది. మేస్త్రి రెండు రోజులదాకా రాడు, ఈలోగా పరీక్ష అయిపోతుందని లెక్కేసుకుంది. ఆయనతో పనిచేసిన వాళ్లంతా అలాగే లెక్కేసుకుంటారు.

తమ్ముడు మీటరు తగిలించి ఒక్కో లైనూ చూశాడు. బల్లదీపాల లైను దగ్గర ముల్లు కిందికి పడిపోయింది. తడి గచ్చు వెనక ఎక్కడో వైరు దెబ్బతింది.

పాత కట్టడం కాబట్టి గోడను లోతుగా కొట్టనివ్వరు, వైర్లకు తొడిగే పైపు పట్టదు. వైరును నేరుగా గాడిలో బిగించి మీద సున్నం వేస్తారు. తడిగా ఉన్నంతసేపూ దాన్ని గీకేయొచ్చు. గట్టిపడ్డాక ముట్టుకోవాలంటే పాత కట్టడాల శాఖ అనుమతి రావాలి, అది నెలల మాట. గీకితే మాత్రం మేస్త్రి మళ్లీ గచ్చు వేయాలి, యాప్‌లో మెసేజ్ రానిదే ఆయనకు కూలి రాదు. ఇంకో మెసేజ్ వెళ్లాలంటే కొట్టిన టిక్కు తీసేసి మళ్లీ కొట్టాలి.

సంగతి చెప్పడానికి ఆమే మేనేజరుకు ఫోన్ చేసింది. టిక్కు తీయొద్దన్నాడు. ఆ ఒక్క లైనూ స్విచ్‌బోర్డు దగ్గర ఆపేసి సోమవారం గది తెరిపించమన్నాడు, మిగతాది తర్వాత కొత్త పనిగా రాసుకోవచ్చట.

“తర్వాత అంటే గోడ రాయైపోతుంది సార్. బల్ల మీద దీపం లేకపోతే అది చదువుగది ఎలా అవుతుంది?”

“చార్టు ఎర్రబడితే పై అంతస్తుల సంగతి నా చేతిలో ఉండదమ్మా. మీ ఇష్టం.”

తమ్ముడు పక్కనుంచి అంతా విన్నాడు. “వదిలేయ్ అక్కా. చెట్టుకొకరం పుట్టకొకరం అయిపోతాం,” అన్నాడు.

ఆమె టిక్కు తీసేసింది. ఆ గడి నుంచి సోమవారం దాకా వరసంతా ఎర్రబడింది. ఫోన్ జేబులో పడేసి గీకుడు పార అందుకుంది. రేపు మేస్త్రి గొణుక్కుంటూనే పక్కన చేరాడు. త్వరగా వచ్చినందుకు తగిన శాస్తి జరిగిందని, ఇక జన్మలో రానని చెబుతూ తన గచ్చు తానే గీకాడు.

దెబ్బతిన్న చోటు కిటికీ పక్కన దొరికింది. వైరును పట్టి ఉంచే క్లిప్పు మేకు పక్కకు జారి వైరులో దిగింది. ఆ గోడకు క్లిప్పులు కొట్టింది తమ్ముడే.

“మేకు నాదే అక్కా,” అన్నాడు వాడు. “టిక్కు నీది. ఇంట్లో మాత్రం చెప్పుకోవద్దు.”

ఆమె నవ్వలేదు. కొత్త వైరు తెమ్మని పంపింది.

ఈసారి పరీక్ష అయ్యాకే టిక్కు కొట్టింది. గచ్చు ఆరడానికి గడువు కలుపుకుని యాప్ గది తెరిచే రోజును గురువారానికి జరిపింది. సోమవారం సాయంత్రం పై అంతస్తుల వరసలో వేరే కాంట్రాక్టరు పేరు కనిపించింది. మేనేజరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

గురువారం చదువుగదిలో బల్లదీపాలన్నీ వెలిగాయి. శుక్రవారం ఉదయం ఐదుగురూ ఐదు చోట్లకు పనికి బయల్దేరారు.