సాంచాలు ఆపి పెట్టిన సదస్సు

కోరుట్లలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పడం నా బతుకుతెరువు. మా శాస్త్రానికి ఒకటే నియమం: అందరికీ తెలిసిన సంగతిని ఎవరికీ అర్థం కాకుండా చెప్పాలి. ఉల్లిగడ్డ పిరమైతే జనం తక్కువ కొంటారని జగిత్యాల అంగడిలో కూర్చున్న అవ్వకూ తెలుసు. మేము దానికి రెండు గీతలు గీసి, అవి కలిసిన చోటికి పేరు పెట్టి, పది మార్కుల ప్రశ్న చేస్తాం. గీతలు కలవకపోతే ‘ఇతర అంశాలు స్థిరంగా ఉన్నాయనుకుంటే’ అని తగిలిస్తాం. ఇతర అంశాలు మా ఇళ్లలోనే ఎన్నడూ స్థిరంగా ఉండవు. అయినా అనుకుంటాం.

ఆ మధ్య సిరిసిల్లలో సదస్సు పెట్టారు. ‘మరమగ్గాల రంగంలో శ్రమ ఉత్పాదకత: సమ్మిళిత, సుస్థిర, బహుముఖ దృక్పథం’ అన్న పేరుకే బ్యానరంతా సరిపోయింది. హాలు పక్క షెడ్డు మా చిన్నాయనది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆయన సాంచాల ఆసామి. పట్నం నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు మైకు ముందు ‘శ్రమ’ అనగానే సాంచాల చప్పుడు ఆ మాటను మింగేసింది. ఆయన మొహం చిట్లించారు. ఆపించి రమ్మని నిర్వాహకులు నన్ను పంపారు.

చిన్నాయనకు అప్పుడు యూనిఫాం బట్ట ఆర్డరుంది. పొద్దుగూకేసరికి లారీ వస్తుంది. బట్ట తక్కువైతే వచ్చే ఆర్డరు తంగళ్ళపల్లి షెడ్లకు ఇస్తానని ఆర్డరిచ్చిన సేఠ్ ముందే చెప్పాడు.

“నీ మొకం జూసి బందు వెడుతున్న బిడ్డా. ఒక్క గంటనే. లారీ అస్తది,” అన్నాడు.

గంటలో మావాళ్లకు ఉపోద్ఘాతం కూడా పూర్తికాదు. ఉపన్యాసం భోజనాల దాకా సాగింది. ఆ తర్వాత ‘క్షేత్ర పరిశీలన’, అంటే తిన్నది అరగడానికి పక్క షెడ్డు దాకా నడక.

ప్రొఫెసర్ గారు గడపలోనే ఆగిపోయారు. “చూశారా, పట్టపగలు ఒక్క మగ్గం ఆడటం లేదు! నిరుపయోగ సామర్థ్యం అంటే ఇదే,” అని ఫొటో తీయించారు. గోడకు ఆనుకున్న కార్మికుణ్ని ఎందుకు ఖాళీగా కూర్చున్నావని అడిగారు.

“మీ మీటింగు అయిపోతే నడుపుతం సారూ.”

“బాహ్య ప్రోత్సాహకం కోసం ఎదురుచూస్తున్నారు,” అని మాకు వివరించారు.

“మనకోసమే ఆపారు సార్,” అన్నాను.

“అది మీ వ్యక్తిగత అనుభవం అమ్మా. డేటా కాదు.”

నాకు ఒళ్లు మండింది. అందరం హాలుకు మళ్లగానే చిన్నాయన ఆగలేక సాంచాలు నడిపించాడు. వెంటనే వందన సమర్పణ వినబడటం లేదు, ఇంకాసేపు ఆపమని కబురొచ్చింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. లారీ సగం ఖాళీగానే వెళ్లింది. తర్వాతి ఆర్డరు తంగళ్ళపల్లికి పోయింది.

కొన్నాళ్లకు సదస్సు వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి. చిన్నాయనకు చూపించాను.

“గిండ్ల మా గురించి ఏం రాసిండ్రు?”

ఆగిన సాంచాల ఫొటో కింద రాసింది చదివాను: గిరాకీ లేమి వల్ల మూతబడిన మగ్గాలు.

“గిరాకీ లేదా? లారీ వాకిట్ల నిలవడె గదనే!”

వ్యాసంలో చివరి వాక్యం కూడా చదివాను: ‘ఈ విషయంపై మరింత లోతైన పరిశోధన అవసరం.’

చిన్నాయన గాబరాగా లేచాడు.

“అంటే, మల్ల అస్తరా?”