గుండె గొణుగుడు

మదనపల్లె డాక్టరు పరీక్షచేసి, "గుండెలో మర్మర్ ఉంది, భయం లేదు" అన్నాడు. పుంగనూరులో బొరుగులమ్మే గంగులప్ప ఇంటికొచ్చి, కూతురు హరితను ఆ మాటకు అర్థమడిగాడు.

హరిత ఫోనులో చూసింది. "ఆకుల గలగల అంట నాయనా. గొణుగుడు అని కూడా ఉండాది. లాటిన్ మాటంట. సంస్కృతంలో మర్మరం అంటారంట. సద్దును బట్టి పుట్టిన మాట."

గంగులప్ప గొణుగుడు దగ్గరే ఆగిపోయాడు. అరవై ఏళ్లుగా మోస్తున్న గుండె తన మీదే గొణుగుతోందా? దిగులుగా భార్యను పిలిచాడు. "ఏమంటాండాదో రవంత విను మే."

నాగవేణమ్మ అతని రొమ్ముకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. "బీడీలు మానమంటాండాది" అంది.

ఆ రోజే మానేశాడు. నెల తర్వాత డాక్టరు మర్మర్ అట్లే ఉందన్నాడు. గంగులప్ప బెదిరిపోయి మళ్లీ భార్యను వినమన్నాడు.

"గ్రైండర్ కావాలంట" అంది నాగవేణమ్మ.

సాయంత్రానికి గ్రైండర్ ఆటోలో దిగింది.