మట్టెలు చూసిన జడ్జి

రెండో తరగతి దాటని నాకు కోర్టు మెట్లెక్కే పని పడుతుందని ఏనాడూ అనుకోలేదు. మా ఆయన సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు నడిపేవాడు. అవి ఆగిపోవడంతో దుబాయి దారి పట్టాడు. తన పాస్‌పోర్టు ఆలస్యమవుతుందని రాయికల్ స్నేహితుడి పాస్‌పోర్టు మీద తన ఫొటో పెట్టించుకుని పోయాడు. అప్పట్లో చాలామంది అలాగే పోయారు. రెండో ఏడు ఎండదెబ్బకు చనిపోయాడు. అక్కడే పూడ్చారని తోటివాళ్లు కబురు చేశారు. వచ్చిన కాయితంలో మాత్రం చనిపోయింది రాయికల్ మనిషి. ఆ మనిషేమో బతికే ఉన్నాడు, నేను పోతే పోలీసులకు భయపడి తలుపే తీయలేదు.

కోరుట్లలో ఇల్లు మా ఆయన పేరిట ఉంది.

"తమ్ముడు సచ్చినట్టు కాయితమేది? ఆడు అచ్చేదాక ఇల్లు నేనే సూసుకుంట" అన్నాడు మా బావ. నాకూ ఇద్దరు ఆడపిల్లలకూ ముందు అర్ర ఒక్కటి వదిలాడు. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి జగిత్యాల కోర్టుకు పోయాను. బస్టాండు నుంచి నడిచే పోయాను.

జడ్జి ఈ ప్రాంతం మనిషే. నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు.

"భర్త చనిపోయాడంటున్నావు. బొట్టు ఉంది, మట్టెలున్నాయి. ఇదేంటమ్మా?"

శవం చూడకుండా, కాయితం లేకుండా మట్టెలు తీస్తే మగనికి కీడని మా కులపెద్దలు తీయనివ్వలేదు. అదే చెప్పాను.

"అంటే మీ పెద్దలకే నమ్మకం లేదు" అన్నాడు. కేసు కొట్టేశాడు.

ఏళ్లు గడిచాయి. జడ్జి ఉద్యోగం మానేసి ఎన్నికల్లో నిలబడ్డాడని విన్నాను. ఒక పొద్దున బీడీలకు తునికాకు కత్తిరిస్తూ తలెత్తితే, మెడలో దండతో గడప ముందు ఆయనే. నేను ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డానో ఆ మనిషి నాకు చేతులు జోడించాడు. కత్తెర కింద పెట్టాను.

"నేను యాదికున్ననా సారూ?"

ఆయన చూపు నా కాళ్ల మీద పడింది. "మీ ఆయన అచ్చిండా అక్కా?"

"ఎట్లస్తడు? సావలేదన్నది మీరే గదా. గందుకే మట్టెలు తియ్యలే."

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"గప్పుడు కుర్చీల కూసున్న. ఆ రాయికల్ సాక్షి నా దగ్గరకు రావాలె గని నేను పోవద్దు. ఇప్పుడు పోవచ్చు" అన్నాడు.

"ఓట్లు పడ్డంక కాదు. ఇయ్యాల్నే పోవాలె" అన్నాను.

అదే జీపులో రాయికల్ పోయాడు. "నేనున్న, నడువు" అని ఆ మనిషిని తీసుకొచ్చి వకీలు ముందు కూర్చోబెట్టాడు. తర్వాత ఆయన ఎమ్మెల్యే అయ్యాడు. కొత్త జడ్జి ముందు రాయికల్ మనిషి నిజం చెప్పాడు, నాకు కాయితం వచ్చింది. బావ తాళంచెవి తెచ్చి గడప మీద పెట్టాడు, నా మొహం చూడలేదు.

మట్టెలు తీయడానికి కులపోళ్ల ఆడవాళ్లు వచ్చారు. "నా కాళ్లు, నేనే తీసుకుంట" అన్నాను. వేళ్లు లావెక్కి అవి కదలలేదు. సబ్బు రాసి తిప్పాను.

బావ ముందు, కోర్టులో, వకీలు ముందు "సచ్చిపోయిండు" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక్క మట్టె జారి బండ మీద పడగానే, ఆ కబురు అప్పుడే ఎవరో నాకు తెచ్చినట్టయింది. రెండోది తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.